బెట్ట ఎప్పుడు వచ్చిందన్నదే లెక్క



2023 ఆగస్టు మనందరికీ గుర్తుంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడిగా గడిచిన ఆగస్టు ఇంకొకటి లేదు. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే అందులో 24 మన కర్నూలు జిల్లావే. అంకెలు అలా ఉంచండి. ఆ ఏడాది బుడ్డలు, అంటే వేరుశనగ వేసిన రైతును పలకరిస్తే ఎన్ని మిల్లీమీటర్లు తక్కువ పడిందో చెప్పడు. ‘ఊడలు దిగే టైముకు వాన పోయింది సార్’ అంటాడు. వ్యవసాయ శాస్త్రం బెట్ట గురించి ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చిన సంగతి ఆ మాటలోనే ఉంది. ఎంత వాన తగ్గిందన్న లెక్క ఒక్కటే చాలదు. పంట ఏ వయసులో ఉండగా తగ్గిందన్నది చూడాలి.

సోయాబీన్ మీద బెట్ట ప్రభావం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సోయాబీన్ మన పంట కాదు. అది ఆదిలాబాదు నల్లరేగళ్ల పంట, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల పంట. మనకు ముంగారులో, అంటే ఖరీఫ్‌లో ఎర్రనేలల్లో బుడ్డలు, హింగారులో, అంటే రబీలో నల్లరేగడిలో పప్పుశనగ. కానీ మూడూ ఒకే కుటుంబపు పంటలు. మూడింటికీ వేళ్ల మీద బుడిపెలుంటాయి, మూడూ గాలిలోని నత్రజనిని పట్టి వాడుకుంటాయి, మూడూ పూత పిందెగా మారే రోజుల్లోనే దెబ్బతింటాయి. అందుకని సోయాబీన్‌తో మొదలుపెట్టి మన చేలలోకి వస్తాను.

ముందు నేల సంగతి. వాన ఆగిన రోజునే పంటకు బెట్ట మొదలు కాదు. నేలలో దాచిన నీరు ఉన్నంతవరకు మొక్కకు వాన అవసరం లేదు. ఆ దాపు ఎంతన్నది నేలను బట్టి ఉంటుంది. లోతైన నల్లరేగడి ఒక నిలువు లోతున మొక్కకు అందే నీటిని 200 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచగలదు. మూరెడు లోతులోనే గరుసు తగిలే మన ఎర్రనేలలో అది 50, 60 మిల్లీమీటర్లకు మించదు. ఆకు నిండుగా పరుచుకున్న చేను ఆగస్టు ఎండకు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు ఖర్చు చేస్తుంది. లెక్క కట్టండి. ఎర్రనేలలో పన్నెండు, పదమూడు రోజులకు దాపు ఖాళీ అవుతుంది. అసలు మొక్క అంతదాకా ఆగదు కూడా. దాపులో సగానికి పైగా అయిపోయేసరికి ఆకులకు ఆ సమాచారం అంది, ఆకుకు రెండు వైపులా ఉండే సన్నని రంధ్రాలు మూసుకోవడం మొదలవుతుంది. అంటే ఎర్రనేల బుడ్డలకు వారం, పది రోజులకే బెట్ట తగులుతుంది. అదే వాన, అదే ఎండ, కాలువకు అవతల నల్లరేగట్లో పత్తికి మూడు వారాలైనా ఏమీ కాకపోవచ్చు. ఒకే మండలంలో, ఒకే వర్షమాపకం కింద ఈ రెండూ జరుగుతాయి.

ఆకు రంధ్రం మూసుకుంటే నీరు ఆదా అవుతుంది. కానీ ఆ రంధ్రం గుండానే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి. అది రాకపోతే పిండిపదార్థం తయారీ తగ్గుతుంది. నీటి కోసం మూసిన తలుపు తిండికి కూడా తలుపే. మొక్క బతుకంతా ఈ బేరంలోనే నడుస్తుంది. మొదట ఆగేది పెరుగుదల: కొత్త ఆకు చిన్నదవుతుంది, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది. తర్వాత నత్రజని పట్టే పని కుంటుపడుతుంది. సోయాబీన్‌లో ఈ సంగతిని అమెరికాలో థామస్ సింక్లెయిర్ బృందం వివరంగా చూపింది. ఆకులో పిండిపదార్థం తయారీ ఇంకా సాగుతుండగానే, నేల కొంచెం ఆరగానే, బుడిపెలు పని తగ్గించేస్తాయి. చేను పచ్చగానే కనబడుతుంది, లోపల నత్రజని ఆకలి మొదలై ఉంటుంది.

ఇక్కడ ఒక సైన్సు సారును తలుచుకోవాలి. ఆయన దగ్గర సైన్సు చదువుకున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. బుడ్డ మొక్కను వేళ్లతో సహా పెళ్లగించి, మట్టి దులిపి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడమనేవారని వాళ్లు చెప్పారు. లోపల గులాబీ రంగు ఉంటే బుడిపె పని చేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన నెత్తురులోని ఎరుపుకు దగ్గరి చుట్టం. బూడిద రంగుకో పాలిపోయిన ఆకుపచ్చకో తిరిగి ఉంటే పని ఆగిపోయినట్టు. బెట్ట తగిలిన పది, పదిహేను రోజులకు ఒకే చేలో గట్టు పక్క మొక్కనూ మధ్య మొక్కనూ పీకి ఇలా పోల్చి చూడండి. ఏ పరికరమూ అక్కర్లేకుండా బెట్ట కంటికి కనబడుతుంది. పదిహేనేళ్ల పిల్లలకు అది నేర్పడం చిన్న సంగతి కాదు.

సోయాబీన్‌కు వద్దాం. ఆదిలాబాదులో ఏళ్ల తరబడి రాజ్యమేలిన రకం జె.ఎస్. 335. మృగశిర వానకు విత్తితే ఆగస్టులో పూత, ఆ నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా కాయలో గింజ నిండడం. సోయాబీన్ మంచి కాలంలో కూడా పెట్టిన పూతలో పెద్ద భాగాన్ని రాల్చేస్తుంది. అది దాని స్వభావం. అందుకే పూత తొలిరోజుల్లో చిన్న బెట్ట వచ్చి వాన పడితే తర్వాతి పూతతో లోటు పూడ్చుకుంటుంది. కాయ కట్టాక, గింజ నిండే మూడు, నాలుగు వారాల్లో బెట్ట వస్తే పూడ్చుకునే దారి లేదు. మొదట కాయల సంఖ్య తగ్గుతుంది, తర్వాత కాయలో గింజల సంఖ్య, చివరికి గింజ బరువు. ఎండ ముదిరితే ఆకులు తిరగబడి అడుగు వైపు వెండిలా మెరుస్తాయి. ఆదిలాబాదు చేలలో మధ్యాహ్నం పూట దూరానికే ఆ మెరుపు కనబడుతుంది.

బుడ్డల కథ వేరు. ఆ వేరుతనం మన జిల్లాకు ప్రాణంతో సమానం, కాబట్టి కొంచెం సేపు ఇక్కడ ఆగుతాను.

సోయాబీన్ కాయ గాలిలో ఉంటుంది. బుడ్డ పువ్వు గాలిలో పూసి, కాయ మట్టిలో కాస్తుంది. విత్తిన పాతిక, ముప్పై రోజులకు పూత మొదలు. ఫలదీకరణం జరిగాక పువ్వు వాడిపోయి, దాని మొదలు నుంచి సూదిలాంటి ఊడ కిందికి సాగుతుంది. మొన మీద పిందెను మోసుకుంటూ అది నేలలోకి దిగాలి. చీకట్లోకి వెళ్తేనే పిందె కాయగా ఊరుతుంది. నేల పైనే ఉండిపోయిన ఊడ కొన్నాళ్లకు ఎండిపోతుంది. ఇప్పుడు మన ఎర్రనేలను గుర్తుచేసుకోండి. వాన పడి ఎండిందంటే పైపొర రొట్టెలా అట్టకడుతుంది. కింద జానెడు లోతున తేమ ఉండవచ్చు, వేళ్లు దాన్ని తాగుతూ ఉండవచ్చు, ఆకు పచ్చగా ఉండవచ్చు. అయినా రెండు, మూడు అంగుళాల పైపొర ఎండి గట్టిపడితే ఊడ దిగదు. మొక్కకు నీరుంది, కాయకు లేదు. ఇలాంటి ఇబ్బంది సోయాబీన్‌కు లేదు, శనగకు లేదు.

ఊడ దిగాక కూడా కథ అయిపోలేదు. కాయ గట్టి పడటానికి, గింజ నిండటానికి సున్నం, అంటే కాల్షియం కావాలి. కాల్షియం వేరు నుంచి పైకి నీటితో పాటు పోతుంది, ఆకుల ద్వారా ఆవిరయ్యే నీటి వెంట ఆకులకు చేరుతుంది. మట్టిలో ఉన్న కాయ నీటిని ఆవిరి చేయదు. కాబట్టి వేరు తాగిన కాల్షియం కాయకు రాదు. కాయే తన చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకోవాలి. పీల్చుకోవాలంటే ఆ మట్టి తడిగా ఉండాలి. బెట్టలో పైపొర ఎండితే పైకి కాయలా కనబడుతుంది, ఒత్తితే లోపల ఏమీ ఉండదు. మనం లొట్ట కాయ, తాలు కాయ అంటాం. పూత దశలో, ఊడలు దిగే ముందు ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమని చెప్పేది ఇందుకే. జిప్సం వేశాక పైపొర తడవకపోతే ఆ డబ్బు మట్టిలోనే ఉండిపోతుంది. అదునులో ఒక తడి ఇవ్వగలిగినవాడికి జిప్సం మంచి ఫలితమిస్తుంది.

బెట్ట అన్నివేళలా చేటే అనుకోనక్కర్లేదు. 1980లలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో ఆర్.సి. నాగేశ్వరరావు, జె.హెచ్. విలియమ్స్ బృందం బుడ్డలకు వేర్వేరు దశల్లో నీరు ఆపి చూశారు. పూతకు ముందు కొన్నాళ్లు బెట్ట పెట్టి తర్వాత నిండుగా నీరిచ్చిన మడుల్లో దిగుబడి తగ్గలేదు సరికదా, కొంత పెరిగింది. పెరుగుదల కాస్త ఆగి, నీళ్లు రాగానే పూత ఒక్కసారిగా, ఒకే సమయంలో వచ్చింది. కాయ ఊరే దశలో నీరు ఆపిన మడుల్లో దిగుబడి దారుణంగా పడిపోయింది. విత్తిన మూడు వారాలకు చేను కొంచెం వాడిందని రైతు బెంబేలెత్తి బోరు నీళ్లన్నీ పెట్టేసి, ఆగస్టు చివర చేతులెత్తేస్తున్నాడు. ఉన్న ఒక్క తడిని ఊడలు దిగే వేళకో కాయ ఊరే వేళకో దాచుకుంటే అదే నీరు ఎంతో ఎక్కువ కాయనిస్తుంది. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చివరి బెట్ట గురించి ఒక హెచ్చరిక. కాయ ముదిరే ఆఖరి మూడు, నాలుగు వారాల్లో నేల ఎండి, మట్టి వేడెక్కితే దిగుబడి తగ్గడంతో పోదు. మట్టిలో ఉండే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి చేరుతుంది. తేమ ఉన్న గింజ తన రక్షణ పదార్థాలను తయారుచేసుకుని దాన్ని ఎదుర్కొంటుంది. ఎండిన గింజకు ఆ శక్తి పోతుంది. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. నలిగిన కాయలను, తాలును కల్లంలోనే ఏరి పారేయాలి. వాటిని నూనె గానుగకో పశువుల మేతకో పంపకూడదు. ఆడపిల్లలు రాత్రిళ్లు కూర్చుని కాయలు వలిచే ఇళ్లలో ఈ సంగతి మొదట తెలియాలి.

ఇక హింగారు. ఉత్తర, హస్త కార్తెల వానలకు నల్లరేగడి నానితే అక్టోబరు, నవంబరు మొదటి పక్షంలో పప్పుశనగ విత్తుతాం. ఆ తర్వాత వాన మీద ఆశ పెట్టుకునే పంట కాదది. పడితే పడుతుంది. నేలలో దాచిన నీటితో, కాస్త మంచుతో ఫిబ్రవరి దాకా నెట్టుకొస్తుంది. అంటే శనగకు బెట్ట రావడం ఖాయం, అదీ చివర్లోనే. గింజ నిండే రోజుల్లో కింద తేమ అడుగంటుతుంది, పైన ఎండ ముదురుతుంది.

ఈ బెట్టను మన జిల్లా రైతు దాటిన తీరు గొప్పది. అంతకుముందు కర్ణాటక నుంచి వచ్చిన అన్నిగెరి రకం ఉండేది. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తయారుచేసిన జె.జి. 11 రకం 1999లో విడుదలైంది. వంద రోజుల లోపు పంట, ఎండు తెగులును తట్టుకుంటుంది. పదేళ్లలో కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లను కప్పేసింది. ఈ రకం బెట్టను సహించలేదు, బెట్ట రాకముందే పని ముగించుకుంది. పొట్టి కాలపు రకమే ఇక్కడ మొదటి కవచమైంది. తర్వాత నంద్యాల పరిశోధనా కేంద్రం యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్.బి.ఇ.జి. 47ను ఇచ్చింది. 1906లో మొదలైన ఆ కేంద్రం ఈ కరువు ప్రాంతానికి చేసిన సేవ మీద వేరే ఉపన్యాసమే ఇవ్వవచ్చు.

పొట్టి కాలం ఒక దారి. రెండోది పొదుపు. చాలాకాలం పరిశోధకులు లోతుకు పోయే వేరు ఉంటే చాలనుకున్నారు. ఐ.సి.సి. 4958 అనే శనగ రకం వేళ్లు బలంగా, లోతుగా ఉంటాయి. దాని వేరు లక్షణాలను ఇతర రకాల్లోకి తేవడానికి ఎంతో శ్రమ జరిగింది, ఫలితాలు కూడా వచ్చాయి. కానీ ఇక్రిశాట్‌లో విన్సెంట్ వాదెజ్ బృందం నల్లమట్టి నింపిన నిలువెత్తు గొట్టాల్లో శనగ పెంచి, గొట్టాలను తరచూ తూకం వేసి, మొక్క ఏ వారంలో ఎంత నీరు తాగిందో లెక్క రాశారు. 2011లో వాళ్లు ప్రచురించిన ఫలితం నన్ను ఆలోచనలో పడేసింది. బెట్టను గెలిచిన రకాలు మొత్తం మీద ఎక్కువ నీరు తాగినవి కావు. పూతకు ముందు తక్కువ తాగి, గింజ నిండే రోజులకు నీరు మిగుల్చుకున్నవి. సుగ్గికి వలసపోయి తెచ్చిన కూలిని ఉగాది దాకా సర్దుకుంటూ వచ్చే ఇల్లాలిలాగా ఆ మొక్క మొదట్లో చేయి బిగిస్తుంది.

సోయాబీన్‌లోనూ ఇదే తేలింది. జపాను నుంచి సేకరించిన పి.ఐ. 416937 అనే సోయాబీన్‌ను అమెరికాలోని నార్త్ కరోలినాలో థామస్ కార్టర్ పరిశీలించారు. బెట్టలో చుట్టూ మొక్కలన్నీ వాడిపోతుంటే ఇది మాత్రం నిలబడి ఉండేది. తర్వాత సింక్లెయిర్ బృందం కారణం పట్టుకుంది. మధ్యాహ్నం గాలి బాగా ఎండి వేడెక్కినప్పుడు, నేలలో తేమ ఉన్నా సరే, ఇది ఒక హద్దు దాటి నీటిని ఆవిరి కానివ్వదు. ఆ కొద్ది గంటల పొదుపు రోజూ కలుస్తూ గింజ నిండే వేళకు పనికొస్తుంది. తడి ఎక్కువున్న ఏడాది దీనివల్ల కొంచెం నష్టమే. ఏ రకాన్నైనా ‘కరువును తట్టుకుంటుంది’ అని అమ్మేటప్పుడు మన నేలకు, మన వాన తీరుకు తట్టుకుంటుందా అని అడగాలి. పొదుపరి మొక్క నల్లరేగడికి సరిపోతుంది. మూరెడు లోతు ఎర్రనేలలో దాచుకోవడానికే చోటు లేదు. అక్కడ బుడ్డల్లో కంది సాళ్లు వేసే పాత పద్ధతే నయం. బుడ్డల కాయ పోయినా కంది ఆ తర్వాతి వానను అందుకుంటుంది.

నల్లరేగడి విషయంలో ఇంకో మాట. శనగ కోసం ముంగారంతా చేలను బీడు పెట్టి గుంటక తోలుతూ ఉంటాం. నేల నాని ఉండాలన్నది ఆలోచన. మంచిదే. అయితే జూన్, జూలై వానల్లో చాలా భాగం బీడు నేల నుంచి ఆవిరైపోతుంది, మంచి వానకు నేల కోసుకుపోతుంది. లోతైన రేగళ్లలో జూన్‌లో కొర్ర వేసి సెప్టెంబరులో కోసి, వెంటనే శనగ వేయమని నంద్యాల శాస్త్రవేత్తలు చెబుతున్నారు. వాళ్లు ఇచ్చిన సూర్యనంది కొర్ర 75 రోజుల్లో చేతికొస్తుంది. వానలు సరిగా ఉన్న ఏడాది ఇది రెండు పంటలు. వెనకబడిన ఏడాది కొర్ర వద్దనుకుని బీడే ఉంచాలి. ఆ నిర్ణయం రైతుదే, ముందుగా జూన్‌లోనే చేయాల్సిన నిర్ణయం.

ఇప్పుడు ప్రభుత్వపు లెక్కకు వస్తాను. 2016లో కేంద్రం తెచ్చిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం మూడు, నాలుగు వారాల పాటు వరుసగా మామూలులో సగం కంటే తక్కువ వాన పడితే దాన్ని డ్రై స్పెల్‌గా పరిగణిస్తారు. సాగు విస్తీర్ణం, నేల తేమ, ఉపగ్రహ చిత్రాలు కూడా చూస్తారు. అంతకుముందు పద్ధతుల కంటే ఇది మెరుగే. కానీ పైన చెప్పిన ఎర్రనేల లెక్కను దీని పక్కన పెట్టండి. మూడు వారాల గడువు పూర్తయ్యేసరికి ఊడలు దిగని బుడ్డ చేను పని అయిపోయి ఉంటుంది. నాలుగో వారంలో వాన పడి చేను మళ్లీ పచ్చబడుతుంది, ఉపగ్రహానికి ఆ పచ్చదనమే కనబడుతుంది. మట్టిలో కాయ లేదని ఆకాశం నుంచి ఎవరికీ తెలియదు. 2009లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట హంద్రీ, తుంగభద్రలు పొంగి కర్నూలు నగరం మునిగింది. ఆ రెండు, మూడు రోజుల వాన వార్షిక పట్టికలో కలిస్తే, అంతకుముందు ముంగారులో ఎండిన చేలు ఆ పట్టికలో ఎవరికీ కనబడవు. ఆ ఏడాది దేశం మొత్తం మీద కరువే. బెట్ట, వరద ఒకే ఏడాదిలో వచ్చిన జిల్లాకు ఏడాది మొత్తం వాన లెక్క ఏం న్యాయం చేస్తుంది?

నా ప్రతిపాదన చాలా చిన్నది. ప్రభుత్వపు పంట నమోదు ఇ-పంటలో రైతు వేసిన పంట, సర్వే నంబరు రాస్తున్నాం. దానితో పాటు మూడు గడులు తప్పక నిండాలి: విత్తిన తేదీ, చేలో సగం మొక్కలు పూతకు వచ్చిన తేదీ, నేల లోతు. నేల లోతు ఒక్కసారి గడ్డపారతో తవ్వి రాసుకుంటే చాలు, అది ప్రతి ఏడాదీ మారదు. పూత తేదీ కోసం రైతు సేవా కేంద్రంలోని సహాయకుడు ఊళ్లో నాలుగు చేలకు వెళ్లాలి. దాని పక్కన దగ్గర్లోని వర్షమాపకం లెక్క పెట్టుకోవాలి. ఈ నాలుగు అంకెలుంటే ఏ చేను, ఏ దశలో, ఎన్ని రోజులు ఎండిందో కాగితం మీద తేలిపోతుంది. బీమా కంపెనీ వాదించలేదు, అధికారి కాదనలేడు. సహాయకుడు లేని ఊళ్లో బడి పిల్లలు ఈ పని చేయగలరు. ఊడ ఎప్పుడు దిగిందో, బుడిపె లోపల ఏ రంగు ఉందో నోటు పుస్తకంలో తేదీతో రాయడం ఎనిమిదో తరగతి పిల్లలకు కష్టం కాదు.

రైతులకు కూడా ఒక గుర్తు చెబుతాను. బుడ్డ ఆకు మధ్యాహ్నం ముడుచుకోవడం చూసి భయపడకండి. ఎండకు తనను తాను కాపాడుకునే పద్ధతి అది. రాత్రి కూడా ఆ ఆకు ముడుచుకునే పడుకుంటుంది. ఉదయం ఎనిమిది గంటలకు చేలోకి వెళ్లి చూడండి. అప్పటికి ఆకు విప్పుకుని ఉంటే ఇంకా నాలుగు రోజులు ఆగవచ్చు. ఎనిమిదింటికి కూడా ముడుచుకునే ఉండి, చేను పూత దాటి ఉంటే, బోరులో ఉన్న ఆ ఒక్క తడిని ఆ రోజే పెట్టండి.